దేశం మొత్తానికీ క్షిపణి కవచం: కాపాడేది ఎంత, తెచ్చిపెట్టేది ఎంత?

అందరికీ నమస్కారం.

ఈమధ్య మనందరం ఫోన్లలో ఒకేలాంటి వీడియోలు చాలా చూశాం. రాత్రి ఆకాశం, కింద నగరం, సైరన్ మోత. దూరం నుంచి నిప్పు చుక్కలు వస్తుంటాయి. కింది నుంచి మరికొన్ని చుక్కలు లేచి వాటిని తాకుతాయి. ఒక మెరుపు, ఒక పేలుడు, అంతే. చూసిన ఎవరికైనా ముందు ఊరట కలుగుతుంది. ఆ వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది. ఒక నగరానికి ఇది చేయగలిగినప్పుడు దేశం మొత్తానికీ ఎందుకు చేయకూడదు?

అమెరికా ప్రభుత్వం ఆ ప్రశ్నకు చేద్దాం అనే జవాబిచ్చింది. 2025 జనవరి 27న ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. అందులో పథకం పేరు ‘అమెరికాకు ఐరన్ డోమ్’. మే 20న ఆయన మళ్లీ మాట్లాడేసరికి పేరు ‘గోల్డెన్ డోమ్’గా మారింది. 17,500 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని, దాదాపు మూడేళ్లలో సిద్ధమవుతుందని చెప్పారు. నేలమీద, సముద్రంలో, అంతరిక్షంలో ఇంటర్‌సెప్టర్లు, అంటే ఎదురెళ్లి కొట్టే క్షిపణులు, పెట్టి ఎక్కడి నుంచి ఏ క్షిపణి వచ్చినా ఆపేస్తామన్నది మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తక్కువ దూరం క్షిపణుల నుంచి ఒక నగరాన్ని, ఒక సైనిక స్థావరాన్ని కాపాడే వ్యవస్థలు పనికొస్తాయి. ప్రాణాలు కాపాడాయి కూడా. అణుబాంబులు మోసుకొచ్చే ఖండాంతర క్షిపణుల నుంచి దేశం మొత్తాన్ని కాపాడతామనే కవచం మాత్రం వేరే సంగతి. అది నమ్మదగినంతగా పనిచేయదు. పనిచేయకపోయినా ఎదుటివాడిని భయపెడుతుంది. వాడు భయంతో కట్టే ఆయుధాలన్నీ మాత్రం నిజంగా పనిచేస్తాయి. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది ఇదే. టెక్నాలజీ లెక్క ఒకటి, రాజకీయం లెక్క ఒకటి అని జనం విడివిడిగా మాట్లాడుతుంటారు. రెండూ ఒకే లెక్కలో రెండు వైపులు.

ముందు ఆ వీడియోల సంగతి చూద్దాం. ఇజ్రాయెల్ 2011 నుంచి వాడుతున్న ఐరన్ డోమ్ 4 నుంచి 70 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే రాకెట్ల కోసం తయారైంది. అది చేసే తెలివైన పని ఏమిటంటే, వస్తున్న రాకెట్ ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, ఖాళీ నేలలో పడేదాన్ని వదిలేస్తుంది. ఇళ్లమీద పడేదాన్నే కొడుతుంది. పదింటిలో ఒకటి తప్పించుకున్నా ఒక ఇల్లు పోతుంది, కొందరు గాయపడతారు, ఒకరిద్దరు చనిపోవచ్చు. దుఃఖమే, కానీ నగరం నిలబడుతుంది. అక్కడ 90 శాతం అంటే గొప్ప మార్కులు.

ఇప్పుడు ఆ 90 శాతాన్నే అణుయుద్ధానికి తీసుకెళ్లండి. వంద వార్‌హెడ్లు, అంటే క్షిపణి కొనలో ఉండే అణుబాంబులు, వస్తున్నాయి, తొంభై ఆగాయి, పది పడ్డాయి. ఒక్కొక్కటి హిరోషిమా బాంబుకు ఇరవై రెట్ల శక్తి ఉన్నది కావచ్చు. పది నగరాలు లేవు. ఏ పదో ఎంచుకునేది కూడా దాడి చేసేవాడే. దుర్యోధనుడి కథ మనకు తెలుసు కదా. తల్లి చూపు పడిన ఒళ్లంతా వజ్రమైపోయింది, తొడ ఒక్కటి మిగిలింది. గద వచ్చి తగిలింది ఆ తొడకే. ఎదుటివాడు మన బలమైన చోటు చూసి కొట్టడు.

ఇక ఖండాంతర క్షిపణి ఎలా ప్రయాణిస్తుందో కొంచెం నిదానంగా చూద్దాం. ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మొదటి మూడు నుంచి ఐదు నిమిషాలు రాకెట్ ఇంజిన్ మండుతుంది. పెద్ద మంట, ఉపగ్రహాలకు స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఇంజిన్ ఆగిపోతుంది, పైన ఉన్న వార్‌హెడ్ విడిపోతుంది. అక్కడి నుంచి సుమారు ఇరవై నిమిషాలు అది గాలి లేని చోట, వెయ్యి కిలోమీటర్లకు పైన, విసిరిన రాయిలాగా వెళ్తుంది. వేగం సెకనుకు 7 కిలోమీటర్లు. చివరి నిమిషంలో మళ్లీ గాలిలోకి దిగి లక్ష్యం మీద పడుతుంది.

అమెరికా ఇప్పుడు నమ్ముకున్నది ఆ మధ్య ఇరవై నిమిషాలను. అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో 40, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో 4, మొత్తం 44 ఇంటర్‌సెప్టర్లు పెట్టుకుంది. ఒక్కోదాని ఖరీదు 7 కోట్ల డాలర్లకు పైనే. ప్రతిదాని కొనలోనూ సుమారు 64 కిలోల బరువున్న చిన్న యంత్రం ఉంటుంది. దానిలో పేలుడు పదార్థం ఏమీ లేదు. వార్‌హెడ్‌ను నేరుగా గుద్దుతుంది, ఆ గుద్దుకే అది తునాతునకలు కావాలి. రెండూ ఎదురెదురుగా సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతాయి. బుల్లెట్‌ను బుల్లెట్‌తో కొట్టడం అంటారు. నిజానికి తుపాకీ బుల్లెట్ వేగం ఇందులో పదోవంతు. ఇంత కష్టమైన పని చేసి చూపించిన ఇంజినీర్ల మీద నాకు చాలా గౌరవం ఉంది. గుద్దడం సాధ్యమేనని వాళ్లు రుజువు చేశారు.

ఏది గుద్దాలో తెలుసుకోవడమే రుజువు కాలేదు.

1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని రెండూ ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే నేలకు చేరాయి. గాలి లేని చోట బరువుతో పని లేదు. దీన్ని మనం ఫిజిక్స్ పాఠంగా చెప్పుకుంటాం. క్షిపణి రక్షణ మొత్తం ఈ పాఠం దగ్గరే ఆగిపోతుంది. వార్‌హెడ్‌తో పాటు పల్చటి మెటల్ పూత ఉన్న ప్లాస్టిక్ బెలూన్లు ఒక ఇరవై వదిలారనుకోండి. నేల దగ్గర అయితే బెలూన్ గాలికి వెనకబడిపోతుంది. పైన గాలే లేదు. కాబట్టి కొన్ని గ్రాముల బెలూన్, కొన్ని వందల కిలోల బాంబు పక్కపక్కనే, ఒకే వేగంతో, ఒకే దారిలో వెళ్తాయి. పోనీ ఆకారం చూసి పట్టుకుందామా అంటే, వార్‌హెడ్‌ను కూడా ఒక బెలూన్‌లోనే పెట్టేయొచ్చు. వేడి చూసి పట్టుకుందామంటే, ప్రతి బెలూన్‌లో ఒక చిన్న హీటర్ పెట్టొచ్చు. రాడార్‌కు కనిపించేది మెరిసే బెలూన్ల గుంపు. వాటిలో ఒకదానిలో చావు ఉంది, మిగతావి ఖాళీ. అన్నిటినీ కొట్టాలంటే 44 ఎన్నిటికి సరిపోతాయి?

ఇది ఎవరో నిన్న కనిపెట్టిన వాదన కాదు. రిచర్డ్ గార్విన్, హాన్స్ బేతే 1968లోనే ఒక సైన్స్ పత్రికలో విడమరిచి రాశారు. గార్విన్ హైడ్రోజన్ బాంబు డిజైన్‌లో పనిచేసిన మనిషి. బేతే నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త. ఖండాంతర క్షిపణి తయారు చేయగలిగిన దేశానికి బెలూన్ తయారు చేయడం కష్టమా? ఈ ప్రశ్నకు సరైన జవాబు ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు.

మరి టెస్టులు? 1999 నుంచి ఈ వ్యవస్థ మీద ఇరవై చిల్లర గుద్దుడు పరీక్షలు జరిగాయి. సగం కంటే కొంచెం ఎక్కువ నెగ్గాయి. ఖండాంతర దూరం వెళ్లే లక్ష్యాన్ని మొదటిసారి కొట్టింది 2017 మే 30న. కానీ ఇవన్నీ ముందే అనుకుని, సిబ్బంది సిద్ధంగా ఉండి చేసినవి. శత్రువు ఫోన్ చేసి చెప్పి రాడు. ఇల్లలకగానే పండగ కాదు అంటారే, ఇక్కడ ఆ సామెత బాగా సరిపోతుంది.

అదే 2017 అక్టోబర్‌లో ట్రంప్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, గాల్లో ఉన్న క్షిపణిని 97 శాతం సార్లు కూల్చేయగలం అన్నారు. అలాంటి అంకె ఎలా పుడుతుందో చూడండి. ఒక ఇంటర్‌సెప్టర్ తగిలే అవకాశం 56 శాతం అనుకుందాం, తప్పే అవకాశం 44. ఒకే లక్ష్యం మీదికి నాలుగు వదిలితే, నాలుగూ తప్పే అవకాశం 4 శాతంలోపే వస్తుంది. అంటే 96 శాతం గెలుపు. కాగితం మీద బాగుంది. కానీ ఈ లెక్క నిజం కావాలంటే ఒకదాని తప్పుకూ ఇంకోదాని తప్పుకూ సంబంధం ఉండకూడదు. పరీక్షలో నలుగురు పిల్లలు ఒకే తప్పు జవాబును చూసి కాపీ కొట్టారనుకోండి, నలుగురూ తప్పుతారు. బెలూన్ మోసం అలాంటిదే. మొదటి ఇంటర్‌సెప్టర్‌ను ఏ బెలూన్ మోసం చేసిందో మిగతా మూడింటినీ అదే చేస్తుంది. నాలుగిటిలోనూ ఒకే సెన్సర్, ఒకే సాఫ్ట్‌వేర్. ఒక నాయకుడు 97 అనే అంకెను నిజంగా నమ్మి ఉత్తర కొరియాతో గొడవ పెంచుకుంటే ఏమవుతుంది? నాకు రాత్రిళ్లు టెన్షన్ పుట్టించేది శత్రువు క్షిపణి కంటే ఈ నమ్మకమే.

సాఫ్ట్‌వేర్ అన్నాను కాబట్టి ఒక సంఘటన వివరంగా చెప్పాలి. 1991 గల్ఫ్ యుద్ధం. ఫిబ్రవరి 15న అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ ప్యాట్రియాట్ అనే రక్షణ క్షిపణులు తయారయ్యే ఫ్యాక్టరీకి వెళ్లి, ఇరాక్ వదిలిన 42 స్కడ్ క్షిపణుల మీదికి వదిలితే 41 కొట్టాం అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా పది రోజుల తర్వాత, ఫిబ్రవరి 25న, సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా సైనికులు ఉంటున్న బ్యారక్ మీద ఒక స్కడ్ పడింది. 28 మంది చనిపోయారు. అక్కడ కాపలా ఉన్న ప్యాట్రియాట్ బ్యాటరీ ఒక్క క్షిపణి కూడా వదల్లేదు.

ఎందుకు వదల్లేదు? దాని కంప్యూటర్ సమయాన్ని సెకనులో పదోవంతు చొప్పున లెక్కపెడుతుంది. మనకు పదోవంతు అంటే 0.1, చక్కటి అంకె. కంప్యూటర్‌కు తెలిసిన 0, 1 అనే రెండంకెల భాషలో అది ఎప్పటికీ పూర్తి కాని భిన్నం. మనం మూడోవంతును 0.333 అని రాస్తూ పోతాం కదా, అలాగ. ఆ కంప్యూటర్‌కు 24 బిట్ల చోటే ఉంది, మిగతాది కత్తిరించేసింది. కత్తిరించినది ఎంత? సెకనులో కోటోవంతు. ఎవరికి పడుతుంది? కానీ ఆ యంత్రం వంద గంటలకు పైగా ఆపకుండా నడిచింది. కోటోవంతులు పేరుకుని పేరుకుని 0.34 సెకను అయ్యాయి. స్కడ్ సెకనుకు కిలోమీటరున్నర పైన వెళ్తుంది. అంటే యంత్రం అర కిలోమీటరుకు పైగా పక్కన వెతికింది. అక్కడ ఏమీ కనిపించలేదు. ఏమీ లేదనుకుంది. స్విచ్ ఆపి మళ్లీ వేసి ఉంటే సరిపోయేది. ఆ తప్పును అప్పటికే గుర్తించారు కూడా. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌కు చేరింది ఫిబ్రవరి 26న. ఒక్క రోజు ఆలస్యం.

యుద్ధం అయ్యాక అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే సంస్థ పరిశీలిస్తే, వార్‌హెడ్‌ను నిజంగా నాశనం చేశామనడానికి గట్టి ఆధారం ఉన్నవి 9 శాతమే అని తేలింది. 42కు 41 ఎక్కడ, ఇది ఎక్కడ? ప్యాట్రియాట్ తర్వాత చాలా మెరుగుపడింది. ఉక్రెయిన్‌లో దాని కొత్త రకాలు నిజంగా క్షిపణులను కూల్చి జనాన్ని కాపాడుతున్నాయి. అది ఒప్పుకోవాలి. కానీ అది మెరుగుపడింది రోజూ యుద్ధంలో వాడి, తప్పి, సరిదిద్దుకుని. అణుదాడిని ఆపే కవచానికి అలాంటి రిహార్సల్ ఎక్కడ దొరుకుతుంది? దానికి మొదటి నిజమైన పరీక్షే చివరి పరీక్ష.

అయితే బెలూన్లు వదలకముందే, ఇంజిన్ మండుతున్నప్పుడే కొట్టేయొచ్చు కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండాలి. సరైన ఆలోచనే. గోల్డెన్ డోమ్ అంతరిక్షం వైపు చూస్తున్నది అందుకే. ఇక్కడ ఇంకో ఇబ్బంది వస్తుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం గంటన్నరకు భూమిని ఒకసారి చుట్టేస్తుంది. అది శత్రువు నెత్తిమీద నిలబడదు, కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. ఎప్పుడూ ఒకటైనా దగ్గర్లో ఉండాలంటే భూమి చుట్టూ వందలు, వేలు తిప్పాలి. ఒక్క క్షిపణిని ఆపే అవకాశం ఉండాలన్నా వెయ్యికి పైగా ఇంటర్‌సెప్టర్లు కక్ష్యలో ఉండాలని అమెరికన్ ఫిజికల్ సొసైటీ నిపుణులు 2025 నివేదికలో లెక్కగట్టారు. శత్రువు ఒకేచోటి నుంచి ఒకేసారి పది వదిలితే ఆ సంఖ్యనూ దాదాపు పదింతలు చేసుకోవాలి. పైగా తక్కువ ఎత్తులో ఉన్నవి కొన్నేళ్లకే కిందికి జారి కాలిపోతాయి, మళ్లీ పంపాలి. ఒకటి రెండు క్షిపణులను ఆపగలిగే అంతరిక్ష ఇంటర్‌సెప్టర్లకే ఇరవై ఏళ్లలో 16,100 కోట్ల నుంచి 54,200 కోట్ల డాలర్లు కావాలని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. మొత్తం పథకానికి చెప్పిన అంకె 17,500 కోట్లు అని గుర్తుంచుకోండి.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధించేది సమయం. ఘన ఇంధనం వాడే క్షిపణి మూడు నిమిషాలే మండుతుంది. ఉపగ్రహం దాన్ని గుర్తించి, ఎటు పోతోందో తేల్చేసరికి ఒక నిమిషం పోతుంది. కొట్టాలంటే ఆ వెంటనే వదలాలి. అధ్యక్షుడిని నిద్రలేపి అడిగే టైమ్ లేదు. అంటే నిర్ణయం యంత్రానిదే. 1983 సెప్టెంబర్ 26 రాత్రి సోవియట్ అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్ ముందు తెర మీద అమెరికా నుంచి ఒక క్షిపణి లేచినట్టు వచ్చింది, ఆ తర్వాత మరో నాలుగు. అయిదే క్షిపణులతో ఎవరైనా యుద్ధం మొదలుపెడతారా అని ఆయన ఆగాడు, ఇది పొరపాటు అయి ఉండాలని పైవాళ్లకు చెప్పాడు. మేఘాల మీద పడిన ఎండను ఉపగ్రహం మంట అనుకుంది. ఆ రాత్రి కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు కాబట్టి ఈ కథ చెప్పుకుంటున్నాం. ఇంజిన్ మండే దశలో కొట్టే కవచంలో ఆ కుర్చీకి చోటు లేదు.

ఇక రాజకీయం వైపు వద్దాం.

1967 జూన్. అమెరికాలోని గ్లాస్‌బరో అనే చిన్న ఊళ్లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్, సోవియట్ ప్రధాని కొసిగిన్ కలిశారు. అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా కొసిగిన్‌తో ఒక మాట అన్నారు. మీరు క్షిపణి రక్షణ కడితే, మేం దాన్ని దాటడానికి ఇంకా ఎక్కువ క్షిపణులు చేస్తాం, కాబట్టి రెండువైపులా రక్షణను ఆపుదాం అని. కొసిగిన్‌కు కోపం వచ్చింది. రక్షించుకోవడం నీతి, దాడి చేయడం నీతి కాదు, మీరు తిరగేసి మాట్లాడుతున్నారు అన్నారట. మెక్‌నమారా తర్వాతి రోజుల్లో చెప్పిన సంగతి ఇది. చదివిన ప్రతిసారీ నాకు కొసిగిన్ మాటే మొదట న్యాయంగా అనిపిస్తుంది. మన ఇంటికి తలుపు పెట్టుకుంటే ఎవరికి నష్టం? కానీ ఎదుటివాడి చోట కూర్చుని చూడండి. దాడి చేస్తే ఎదుటివాడు తిరిగి కొడతాడనే భయమే ఇద్దరినీ ఆపుతోంది. నువ్వు నా దెబ్బ తగలకుండా కవచం తొడుక్కుంటే, నువ్వు ముందు కొట్టినా నీకు ఏమీ కాదన్నమాట. నా దగ్గర మిగిలిన నాలుగు క్షిపణులను నీ కవచం ఆపుతుందన్నమాట. అప్పుడు నేను నిద్రపోగలనా? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నేను ఇంకో వంద చేస్తాను.

అదే జరిగింది. ఒకే క్షిపణి మీద మూడు వార్‌హెడ్లు పెట్టిన మినిట్‌మన్-3ని అమెరికా 1970లో మోహరించింది. సోవియట్ రక్షణను దాటాలన్నది దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి. మాస్కో చుట్టూ ఉన్న రక్షణను దాటడానికి బ్రిటన్ షెవలీన్ అనే పథకం రహస్యంగా నడిపి 100 కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టింది. 1980లో పార్లమెంటుకు చెప్పేదాకా జనానికి తెలియదు. ఒక్క నగరం చుట్టూ కట్టిన రక్షణకు ఎదుటివాళ్లు ఇంత చేశారు.

మెక్‌నమారా మాట చివరికి సోవియట్లకు కూడా నచ్చింది. 1972 మే 26న మాస్కోలో నిక్సన్, బ్రెజ్నెవ్ క్షిపణి రక్షణకు హద్దులు పెట్టే ఏబీఎం ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇద్దరూ దేశం మొత్తానికీ కవచం కట్టుకోరాదు. 1974లో దాన్ని ఒక్కొక్కరికి ఒక్క చోటికి, వంద ఇంటర్‌సెప్టర్లకు పరిమితం చేశారు. సోవియట్లు మాస్కోను ఎంచుకున్నారు, అమెరికా ఉత్తర డకోటాను. అక్కడ నెకోమా అనే పల్లె పక్కన పొలాల మధ్య తల నరికిన పిరమిడ్ లాంటి కాంక్రీటు రాడార్ భవనం కట్టారు. నాలుగు వైపులా గుండ్రటి కళ్లలాంటి రాడార్లు. దాదాపు 600 కోట్ల డాలర్లు పోశారు. 1975 అక్టోబర్ 1న అది పూర్తిగా సిద్ధమైంది. మర్నాడే, అక్టోబర్ 2న, ప్రతినిధుల సభ దాన్ని మూసేయాలని ఓటేసింది. కొన్ని నెలల్లో మూసేశారు. ఆ ఇంటర్‌సెప్టర్లలో అణుబాంబులు ఉండేవి, మన నెత్తిమీద మనమే వాటిని పేలిస్తే మన రాడార్లే గుడ్డివైపోతాయి. పిరమిడ్ ఇంకా అక్కడే ఉంది.

ఇంకో సంఘటన దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. 1986 అక్టోబర్ 11, 12. ఐస్‌లాండ్ రాజధాని రెక్‌యావిక్‌లో సముద్రం ఒడ్డున ఒక తెల్లటి ఇల్లు. రీగన్, గోర్బచెవ్ కూర్చుని, అణ్వాయుధాలన్నీ తీసేద్దాం అనేదాకా వెళ్లారు. ఉత్త మాటలు కావు, పదేళ్ల గడువు పెట్టి మాట్లాడుకున్నారు. ఒకే ఒక్క పదం దగ్గర ఆగింది. ప్రయోగశాల. రీగన్ 1983లో ప్రకటించిన అంతరిక్ష కవచం పరిశోధనను ఆ పదేళ్లూ ప్రయోగశాల గోడల మధ్యే ఉంచాలని గోర్బచెవ్ పట్టుబట్టారు. రీగన్ ఒప్పుకోలేదు. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. ఆ కవచం అప్పుడు లేదు. తర్వాత కూడా రాలేదు. సుమారు 3,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1993లో ఆ పథకం పేరే తీసేశారు. పుట్టని కవచం కోసం పుట్టబోయే ఒప్పందం పోయింది.

తప్పు ఒక్క రీగన్‌దే అనను. గోర్బచెవ్ కూడా లేని కవచాన్ని చూసి భయపడ్డారు. ఆ కవచం అంతరిక్షంలో కట్టిన మజినో లైన్ (రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఫ్రాన్స్ సరిహద్దులో కట్టుకున్న కోటల వరస) లాంటిది, ఖర్చెక్కువ, పని తక్కువ, దాన్ని పట్టుకుని వేలాడకండి అని 1987 ఫిబ్రవరిలో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త ఆంద్రే సఖరోవ్ మాస్కోలో అన్నారు. అదే నెలలో గోర్బచెవ్ మధ్యశ్రేణి క్షిపణుల చర్చలకూ కవచానికీ వేసిన ముడి విప్పారు. డిసెంబర్‌లో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం వచ్చింది, 2,692 క్షిపణులను ముక్కలు చేశారు. కవచాలన్నీ కలిపి నిజమైన యుద్ధంలో ఒక్క అణుక్షిపణిని కూడా ఆపిన దాఖలా లేదు. ఆ ఒక్క కాగితం 2,692 క్షిపణులను లేకుండా చేసింది.

2001 డిసెంబర్ 13న చిన్న బుష్ ఏబీఎం ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు నోటీసు ఇచ్చారు. 2002 జూన్ 13న అది అమల్లోకి వచ్చింది. జూన్ 14న రష్యా స్టార్ట్-2 ఒప్పందానికి తాము కట్టుబడి లేమని ప్రకటించింది. నేలమీది క్షిపణుల మీద ఒకటి కంటే ఎక్కువ వార్‌హెడ్లు పెట్టకూడదన్నది ఆ ఒప్పందం. అంటే ఉత్తర కొరియా నుంచి రావచ్చు అనుకున్న కొద్ది క్షిపణుల కోసం, రష్యా దగ్గర అప్పటికే ఉన్న వందల వార్‌హెడ్లను తగ్గించే అవకాశాన్ని వదులుకున్నారు. 2018 మార్చి 1న పుతిన్ కొత్త ఆయుధాలు చూపించారు. దారి మార్చుకుంటూ దూసుకొచ్చే అవాన్‌గార్డ్, సముద్రం అడుగున వెళ్లే అణు డ్రోన్ పొసైడన్. అమెరికా ఏబీఎం ఒప్పందాన్ని వదిలేసినందుకే ఇవి అని ఆయనే చెప్పారు. పుతిన్ మాటలన్నీ నమ్మమని నేను అనను. కానీ సముద్రం అడుగున వచ్చేదాన్ని ఆకాశం వైపు చూసే ఏ కవచం ఆపుతుంది? 2021లో చైనా ఎడారుల్లో మూడు వందలకు పైగా కొత్త క్షిపణి గోతులు ఉపగ్రహ చిత్రాల్లో బయటపడ్డాయి. దానికి కవచం ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఒక కారణం మాత్రం తప్పక అయి ఉంటుంది. పాకిస్తాన్ 2017 జనవరిలో బహుళ వార్‌హెడ్ల అబాబీల్‌ను పరీక్షించినప్పుడు, ఈ ప్రాంతంలో పెరుగుతున్న క్షిపణి రక్షణను దాటడానికే అని బాహాటంగా చెప్పింది.

ఇంతసేపూ నేను మాట్లాడింది విని, మరి ఒకే ఒక్క క్షిపణి పొరపాటున లేచి వస్తే, లేదా ఉత్తర కొరియా ఒకటి వదిలితే చేతులు కట్టుకుని కూర్చోవాలా అని మీరు అడగాలి. ఇది గట్టి ప్రశ్న. దీన్ని పక్కకు నెట్టేసే హక్కు నాకు లేదు. నా పిల్లలు ఆ నగరంలో ఉంటే, నాలుగు ఇంటర్‌సెప్టర్లు వదలమనే అంటాను. సగం అవకాశమైనా, పావు అవకాశమైనా వదలమనే అంటాను. అందుకే ఆ 44ను ఇప్పుడు పీకేయమని నేను చెప్పను. దానికి ఒక హద్దు ఉంటే రష్యా, చైనా కూడా లెక్క వేసుకోగలవు. 44ను చూసి 1,500 వార్‌హెడ్లు ఉన్నవాడు భయపడనక్కరలేదు. హద్దు లేదని, అంతరిక్షం నిండా పెడతామని, అందరి క్షిపణులనూ ఆపుతామని అన్న రోజు నుంచే వాళ్లు కొత్తగా కట్టడం మొదలుపెడతారు.

గత 65 ఏళ్లలో అమెరికా ఈ పని మీద 40,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టిందని ఇందాక చెప్పిన ఫిజికల్ సొసైటీ నివేదికే రాసింది. నా చేతుల్లో ఉంటే వచ్చే డాలర్లను మూడు చోట్ల పెడతాను. నగరాలను, స్థావరాలను తక్కువ దూరం క్షిపణుల నుంచి కాపాడే వ్యవస్థలు. అబద్ధం చెప్పని రాడార్లు, ముందస్తు హెచ్చరిక ఉపగ్రహాలు, వాటి ముందు పెత్రోవ్ లాంటి మనిషి కూర్చునేంత టైమ్. మూడోది, మళ్లీ ఒక బల్ల ముందు కూర్చోవడం. అమెరికా, రష్యాల మధ్య చివరికి మిగిలిన ఒకే ఒక పెద్ద ఒప్పందం, న్యూ స్టార్ట్, గడువు 2026 ఫిబ్రవరి 5న ముగిసిపోయింది. 2010లో రాసుకున్న దాని పీఠికలోనే, దాడి ఆయుధాలకూ రక్షణ ఆయుధాలకూ సంబంధం ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు. తర్వాతి కాగితంలో ఆ ఒక్క వాక్యాన్ని పీఠికలోంచి తీసి అంకెలతో సహా షరతుల్లోకి తేవాలి. ఎన్ని ఇంటర్‌సెప్టర్లు, ఎక్కడ, ఎన్నేళ్లు. రెక్‌యావిక్‌లో ఆగిపోయిన చర్చ అదే. దాన్ని మళ్లీ అక్కడి నుంచే ఎత్తుకోవాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైక్ ఇవ్వండి.